విశ్వామిత్రుడి చెయ్యి

ముని మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఒక చెయ్యి అడ్డంగా పైకి లేచింది. ఎదురుగా మేనక పసిబిడ్డను ఎత్తుకుని, ‘ఒక్కసారి చూడవయ్యా, నీ కూతురే’ అన్నట్టు నిలబడింది. ఆ చెయ్యి మాత్రం దిగదు.

ఈ బొమ్మ ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. ముని నెత్తిన ‘జీతం పడిన రోజున నేను’ అనీ, బిడ్డ పక్కన ‘క్రెడిట్ కార్డు బిల్లు’ అనీ తెల్లటి అక్షరాలు. పరీక్షల కాలంలో ఆ బిడ్డే సిలబస్ అవుతుంది. తెల్లవారుజామున వాకింగ్ అవుతుంది. పండక్కి ఊరెళ్తే చుట్టాలు అడిగే ‘పెళ్లెప్పుడు?’ అవుతుంది. పేర్లు ఎన్ని మారినా ఆ చెయ్యి అదే, ఆ మొహం తిప్పుకోవడం అదే. ఏ భాషవాడికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

‘శకుంతల జననం’ అనే ఈ చిత్రం రాజా రవివర్మది. 1894లో బొంబాయిలో ఆయన అచ్చుయంత్రాలు పెట్టినప్పుడు అన్నిటికంటే ముందు అచ్చయిన బొమ్మ ఇదే. రాజుగారి గోడ దిగి జనం గడప తొక్కిన మొట్టమొదటి రవివర్మ బొమ్మ, ఇన్నేళ్ల తర్వాత జనం జేబులోకి చేరి నవ్విస్తోంది. ఏప్రిల్ 29 రవివర్మ జయంతి. 1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టిన ఆ చిత్రకారుణ్ణి తలుచుకునేటప్పుడు ఆయన బొమ్మల ఈ కొత్త బతుకు గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే మ్యూజియంలో కాలు పెట్టని లక్షల మంది పిల్లలకు ఆయన పరిచయమవుతున్నది ఈ దారినే. చాలామందికి పేరు తెలియకుండానే పరిచయమవుతున్నాడు. సంతోషమూ అక్కడే ఉంది, బెంగా అక్కడే ఉంది.

సంతోషం సంగతి ముందు చెప్పుకుందాం.

రవివర్మ ఆస్థానాల కోసం చిత్రాలు వేశాడు. బరోడా మహారాజు కోసం వేసిన పద్నాలుగు పురాణ చిత్రాలు 1890 ప్రాంతంలో పూర్తయినప్పుడు, రాజభవనానికి చేరేలోపే వాటిని చూడటానికి జనం విరగబడ్డారు. తిరువాన్కూరులోనూ బరోడాలోనూ దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు అంతకు చాలా ముందే ఒక సలహా ఇచ్చాడు: ఒక్క చెయ్యి ఇంత దేశానికి ఎన్ని బొమ్మలు వేయగలదు, కొన్నిటిని ఐరోపా పంపి రంగుల్లో అచ్చు వేయించమని. రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మ ఆ మాటను పట్టుకుని ఇంకో అడుగు ముందుకు వేశారు. అచ్చును ఇక్కడికే తెచ్చుకున్నారు. జర్మనీ యంత్రాలు, జర్మన్ పనివాళ్లు. ఒక్కో రంగుకూ ఒక్కో రాయి. రాతి మీద బొమ్మ దించి, కాగితం మీద రంగు మీద రంగు అద్ది, చివర్న వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరుస్తుంది. దాన్నే ఓలియోగ్రాఫ్ అన్నారు. 1899లో ప్రెస్సు లోణావ్లా దగ్గరి మళవలికి మారింది. కొన్నేళ్లకే ఆ జర్మన్ పనివాళ్లలో ఒకడైన ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి వెళ్లింది. బొమ్మలు మాత్రం ఆగలేదు.

ఆ బొమ్మలు ఎక్కడెక్కడికి వెళ్లాయో చూడండి. పూజగదిలోకి వెళ్లాయి, కిరాణా కొట్టు గల్లాపెట్టె పైకి వెళ్లాయి. మిల్లు బట్టల థానుల మీద లేబుళ్లయ్యాయి, అగ్గిపెట్టెలకు ఎక్కాయి, సబ్బుల కేలండర్లలో పన్నెండు నెలలూ వేలాడాయి. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి లక్ష్మి, సరస్వతి నాలుగు కొయ్యపట్టీల మధ్య కూర్చుని వెళ్లారు. అది చిన్న మార్పు కాదు.

మా అమ్మమ్మ గదిలో ఉండే లక్ష్మి పటానికి చీర అంచు పొడుగునా చమ్కీలు, జరీ అంటించి ఉండేవి. చిన్నప్పుడు అది అచ్చులోనే వచ్చిందనుకునేవాణ్ణి. ఇంటి ఆడవాళ్లు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టినదని తర్వాత తెలిసింది. దేశమంతటా అలా చేశారు. రవివర్మ ప్రింట్లకు గుడ్డ కట్టారు, పూసలు కుట్టారు, వెండి తీగ చుట్టారు. బొమ్మ కొనుక్కున్నాక అది తమదే. తమ చేత్తో దానికి ఏదో ఒకటి చేర్చుకున్నారు. ఇవాళ ఇంజినీరింగ్ చదివే కుర్రాడు అదే బొమ్మకు ఒక మాట చేరుస్తున్నాడు. చమ్కీ అంటించిన చేతినీ, మాట అంటించిన చేతినీ నేను విడదీసి చూడలేను.

ఇలా బొమ్మ జనంలో పడ్డప్పుడల్లా పెద్దలకు కోపం వచ్చింది. రవివర్మ పోయిన మరుసటి ఏడాదే, 1907లో, సోదరి నివేదిత ఆయన ‘శకుంతల పత్రలేఖనం’ మీద కఠినంగా రాశారు. ఒక యువతి నేల మీద బోర్లా పడుకుని తామరాకు మీద ఉత్తరం రాయడంలో ఆమెకు మర్యాద కనిపించలేదు. ఆనంద కుమారస్వామి ఆయన దేవతల్లో దివ్యత్వం లేదనీ, నాటకాల వేషాలు కనిపిస్తున్నాయనీ అన్నారు. వాళ్లిద్దరూ ఈ దేశపు కళను ప్రాణంగా ప్రేమించినవాళ్లే. ఆ కోపం వెనక ప్రేమ ఉంది. కానీ 1876లో మద్రాసు ప్రదర్శనలో బహుమతి తెచ్చుకున్న ఆ బోర్లా పడుకున్న శకుంతలే, నూటయాభై ఏళ్లకు దగ్గరపడ్డాక, ఫోన్‌లో మెసేజ్ టైపు చేస్తున్న పిల్లలా మన ముందుకొచ్చింది. ఆకు మీద గోటితో రాస్తూ, ఏం రాయాలో తోచక ఆగిన ఆ మొహాన్ని ఇప్పటి పిల్లలు ఒక్క చూపులో పోల్చుకున్నారు. రెండు నీలి గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. దుష్యంతుడి గురించి చదువుకున్న మనకంటే వాళ్లు శకుంతలకు దగ్గరగా ఉన్నారేమో అనిపిస్తుంది.

కుమారస్వామి తప్పుగా పట్టుకున్నది ఈ బొమ్మల బలాన్నే అని నా అభిప్రాయం. అవును, నాటకమే. రవివర్మ బొమ్మలో ఎవరూ ఊరికే నిలబడరు. కథ ఒక మాట దగ్గర ఆగి ఉంటుంది, ఆ మాట మన నోట రావాలి. శకుంతల కాలిలో ముల్లు తీసుకుంటున్న చిత్రాన్నే తీసుకోండి. నడుస్తూ నడుస్తూ ఆగి, చెలికత్తె భుజం పట్టుకుని, పాదం వెనక్కి ఎత్తి చూసుకుంటోంది. ముల్లు ఏమీ లేదు. వెనక్కి తిరిగి దుష్యంతుణ్ణి చూడటానికి అదొక మిష. కాళిదాసు రాసిందే అది, దర్భ గుచ్చుకుందని నెపం పెట్టి ఆగడం. రాజు దాన్ని విదూషకుడికి చెప్పుకుని మురిసిపోతాడు. నవ్వు ఆ నాటకంలోనే ఉంది, ఆ బొమ్మలోనూ ఉంది. ఇవాళ దాని కింద ‘ఛార్జర్ మర్చిపోయానని ఆఫీసు నుంచి మళ్లీ వెనక్కి’ అని రాసినవాడు కాళిదాసు చతురతకే ఇంకో కొస తగిలించాడు.

జటాయు వధలో రావణుడు కత్తి దూసి రెక్క నరుకుతుంటే సీత చేత్తో మొహం కప్పుకుంటుంది. చూడలేను అనే ఆ చెయ్యి ఇప్పుడు క్రికెట్ స్కోరు దగ్గరా, అసెంబ్లీ చర్చల దగ్గరా కనిపిస్తుంది. 1893 నాటి ‘అదిగో నాన్న వస్తున్నాడు’ చిత్రంలో తల్లి చంకలో బిడ్డ, కాళ్ల దగ్గర కుక్క; బొమ్మ బయట ఎవరో వస్తున్నారని తల్లి వేలు చూపిస్తోంది. ఆ వచ్చేదెవరో బొమ్మలో లేదు. రవివర్మ ఖాళీగా వదిలిన ఆ జాగాలోకి కరెంటు బిల్లు తెచ్చేవాడూ, ఎన్నికలకు వచ్చే అభ్యర్థీ, పార్సిలు తెచ్చే కుర్రాడూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడుతున్నారు.

నాటకానికీ బొమ్మకూ ఉన్న ఈ బంధం మన నేలకు కొత్తదేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభివాళ్ల తొలి నాటకం ‘కీచక వధ’ ఆడింది. ఆ తర్వాత అయిదేళ్లకు బరోడా కోసం రవివర్మ కీచకుణ్ణీ సైరంధ్రినీ చిత్రించాడు. ఒకరినొకరు ఎరగరు. అయినా తెర లేచినప్పుడు సైరంధ్రి నిలబడిన తీరు చూసి ఊపిరి బిగబట్టిన పల్లెటూరి జనమూ, ఆ చిత్రం ముందు నిలబడిన పట్నం జనమూ ఒకే రకం కళ్లతో చూశారు. మళవలి ప్రెస్సులో పనిచేసినవాళ్లలో దాదాసాహెబ్ ఫాల్కే ఒకడు. రంగుల అచ్చు నేర్చిన ఆ చేత్తోనే ఆయన 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీశాడు. ఆ పౌరాణికాల వరస మన తెలుగు తెర మీద ఎంత విరగపండిందో చెప్పనవసరం లేదు. ఇవాళ తెలుగు మీమ్ అనగానే సినిమా ఫ్రేములే గుర్తొస్తాయి, బ్రహ్మానందం మొహం గుర్తొస్తుంది. నిశ్చలంగా ఆగిన ఒక మొహంలో మొత్తం సంగతి చదవడం మన కళ్లకు నేర్పినవాళ్ల వరసలో రవివర్మ ముందు నిలబడతాడు.

ఇంకా వెనక్కి వెళ్తే తోలుబొమ్మలాట ఉంది. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారులు ఈనాటికీ చర్మం మీద రాముణ్ణీ రావణుణ్ణీ చెక్కుతున్నారు. రాత్రంతా రామాయణం నడుస్తుంటే మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరతారు. యుద్ధకాండ ఆగుతుంది. వాళ్లు ఆ ఊరి కరణం గురించి, ఆ ఏటి కరువు గురించి, అత్తాకోడళ్ల గురించి మోటుగా నవ్విస్తారు. పొద్దుపోయి కునుకుతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. మళ్లీ రాముడు వస్తాడు, జనం చేతులు జోడిస్తారు. పోలిగాడి మాటలకు రామాయణం మైలపడిందని ఏ తరమూ అనుకోలేదు. అతను లేకపోతే తెల్లవారేదాకా ఎవరూ కూర్చునేవారు కాదు కూడా. రవివర్మ బొమ్మ మీద తెల్ల అక్షరాలు చూసినప్పుడల్లా నాకు జుట్టుపోలిగాడే గుర్తొస్తాడు. గొప్ప కథ పక్కన ఈ రోజు సంగతి చెప్పే మనిషి కోసం మన ఆట ఎప్పుడూ చోటు ఉంచింది.

కానీ ఇక్కడే నా బెంగ కూడా. పోలిగాడు నవ్వించిన జనానికి రామాయణం నోటికి వచ్చు. పక్కన కథ నడుస్తుంటేనే ఆ నవ్వుకు రుచి. ఫోన్‌లో తిరిగే బొమ్మ పక్కన కథ లేదు. బొమ్మ అంచులు కోసేస్తారు, సంతకం పోతుంది, పేరు పోతుంది. ఒకరి నుంచి ఒకరికి వందసార్లు వెళ్లేసరికి రంగులు కూడా మసకబారి, నీలం నల్లబడి, చర్మం రంగు పసుపు తిరుగుతుంది. సైరంధ్రిగా ఉన్న ద్రౌపది చేతిలో పాత్ర పట్టుకుని కన్నీళ్లు తుడుచుకునే చిత్రం ఒకటుంది. రాణి సుదేష్ణ ఆజ్ఞ మీద కీచకుడి మందిరానికి వెళ్లక తప్పని క్షణం అది. దాని కింద ‘సోమవారం ఉదయం ఆఫీసుకు’ అని రాస్తే మొదట నవ్వొస్తుంది. కథ తెలిసినవాళ్లకు మరుక్షణం గొంతు పట్టేస్తుంది. ఆఫీసులో ఎవరి గది తలుపు తట్టాలంటే భయపడుతుందో చెప్పలేని ఒక అమ్మాయి ఆ మాట రాసి ఉంటే, ఆ బొమ్మను అంతకంటే సరిగ్గా చదివినవాళ్లు లేరు. ఊరికే రాసినవాడికి తను దేని మీద రాశాడో తెలియదు. ఆ తెలియకపోవడం అతని తప్పు అననివ్వను. చెప్పవలసినవాళ్లం చెప్పలేదు.

పాత బొమ్మలతో ఇప్పటి మాట చెప్పడంలో ఎంత లోతుకు వెళ్లవచ్చో చేసి చూపించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 2014లో బెంగళూరు నుంచి ఆర్తి పార్థసారథి మొదలుపెట్టిన ‘రాయల్ ఎగ్జిస్టెన్షియల్స్’ అనే వెబ్ కామిక్ మొఘల్ కాలపు సూక్ష్మచిత్రాల్లోని రాజులకూ రాణులకూ ఇప్పటి దిగుళ్లు, ఇప్పటి ఆడవాళ్ల ప్రశ్నలు ఇచ్చింది. అది చూసి నవ్వినవాళ్లు ఆ చిత్రాల్లోని తోటలనూ వాకిళ్లనూ కూడా మొదటిసారి తీరిగ్గా చూశారు.

లోకంలోనూ ఇదే దారి. 1793 ప్రాంతంలో ఫ్రెంచి చిత్రకారుడు జోసెఫ్ దుక్రూ చూసేవాడి వైపు వేలు చూపిస్తూ ఎగతాళిగా నవ్వుతున్నట్టు తన బొమ్మ తనే వేసుకున్నాడు. రెండు వందల ఏళ్లు కొద్దిమందికే తెలిసిన ఆ నవ్వు ఇంటర్నెట్ వచ్చాక లోకమంతా తెలిసింది. 1919లో మార్సెల్ దుషాం మోనాలిసాకు మీసాలు గీసింది లూవ్ర్‌లోని అసలు బొమ్మ మీద కాదు, చవక పోస్టుకార్డు మీద. ఎక్కడైనా అచ్చు వచ్చాకే ఆట మొదలైంది.

మన దగ్గర తేడా ఒకటుంది. 2017 ఫిబ్రవరిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న, హక్కుల కాలం తీరిన కళాఖండాల చిత్రాలను 3,75,000 దాకా ఎవరైనా ఎలాగైనా వాడుకోండని తెరిచిపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం అంతకు ముందే ఆ పని చేసింది. మన మ్యూజియాలు కూడా బొమ్మలను డిజిటల్ చేస్తున్నాయి, సాలార్‌జంగ్ వాటిలో ఉంది. అయితే డిజిటల్ చేయడం వేరు, పెద్ద సైజులో, అసలు రంగుల్లో, పేరూ కథా తెలుగులో జోడించి పిల్లల చేతికి ఇవ్వడం వేరు. మంచి బొమ్మ చేతికి అందకపోతే పిల్లలు చెడ్డ బొమ్మనే పంచుకుంటారు. రవివర్మ 1906 అక్టోబరు 2న కన్నుమూశాడు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. ఆయన బొమ్మలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. 1979లో ఆయన చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించి దేశం దాటకుండా కాపాడుకున్నాం. 2023 వేలంలో ‘యశోదా కృష్ణులు’ 38 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధర చూసి గర్వపడినవాళ్లం, ఆ బొమ్మ సరైన నకలు ఒక పల్లెటూరి బడి గోడ మీద ఉందా అని కూడా అడగాలి.

చందమామ పత్రిక బొమ్మల విషయం వేరే. భుజం మీద తెల్లటి శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. శంకర్ గీసిన ఆ బొమ్మను మీమ్‌గా చూడని తెలుగువాడు ఇవాళ ఉండడేమో. భుజం మీద హోం లోను, భుజం మీద మేనేజరు, భుజం మీద బ్యాక్‌లాగులు. పట్టువదలని విక్రమార్కుడి కథకు ఇంతకంటే నమ్మకమైన వారసులు ఎవరుంటారు! కానీ శంకర్ 2020లో పోయారు. ఆయన గీతల హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. బాపు విషయమూ అంతే. నవ్వుకోడానికి పంచుకోవడం ఒకటి, ఆ గీతను దుకాణం ప్రకటనకు పేరైనా వేయకుండా వాడుకోవడం ఒకటి. ఒక్కో బొమ్మ దగ్గర రాత్రింబగళ్లు కూర్చుని బతికినవాళ్లు వాళ్లు. కింద మూలన చిన్న అక్షరాల్లో ‘శంకర్’ అని, ‘బాపు’ అని, ‘వపా’ అని వేయడానికి పట్టే సమయం ఎంత? మీమ్ చేసే పిల్లలు తమ పేజీ పేరును ముద్రలా వేసుకుంటున్నారు కదా, తమ పనికి గుర్తింపు ఎంత అవసరమో వాళ్లకు తెలుసు.

నన్ను ఎక్కువగా బాధించేది మీమ్‌గా మారిన బొమ్మ కాదు. మీమ్‌గా కూడా మారని బొమ్మ. రాజమహేంద్రవరం నుంచి బొంబాయి వెళ్లి చదువుకుని, మళ్లీ గోదావరి ఒడ్డుకే వచ్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు ఉన్నాడు. ఆయన పేరుతో గ్యాలరీ అదే ఊళ్లో ఉంది. ఆయన ‘పుష్పాలంకార’ మన కుర్రాళ్లలో ఎంతమంది ఫోన్లలో ఉంది? దానిమీద ఎవరూ జోకు వేయలేదంటే గౌరవంతో ఆగారని కాదు. ఎవరూ చూడలేదు. పూలు ముడుచుకునే ఆ ఆడవాళ్ల మీద ఒక పిల్ల ‘పెళ్లికి ముహూర్తం పదింటికి, మా అక్క ఇంకా అద్దం ముందు’ అని రాసి, కింద దామెర్ల పేరు వేస్తే నేను మొదట పంచుకుంటాను.

వేసవి సెలవుల్లో పిల్లల చేతిలో ఫోన్ ఉంటుంది, అందులో విశ్వామిత్రుడు వస్తాడు. వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఆ బిడ్డ ఎవరో, కణ్వుడి ఆశ్రమానికి ఎలా చేరిందో, పెరిగి పెద్దయి ఎవరికోసం తామరాకు మీద ఉత్తరం రాసిందో చెప్పండి. ఈ రెండు బొమ్మల్లో ఉన్నది ఒకే అమ్మాయి అని తెలిసినప్పుడు పిల్లల కళ్లు ఎలా విప్పారతాయో నేను చూశాను. తండ్రి చెయ్యి అడ్డం పెట్టిన బిడ్డే ఆమె.

హైదరాబాద్‌తో రవివర్మకు నేరుగా పరిచయం ఉంది. 1902లో అన్నదమ్ములిద్దరూ ఇక్కడికి వచ్చి, ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆతిథ్యంలో ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయన చేత్తో వేసిన ‘స్టోలెన్ ఇంటర్వ్యూ’, ‘కేరళ సుందరి’ ఉన్నాయి. ఫోన్ తెరలో కనిపించని కుంచె గీతలు అక్కడ దగ్గరగా నిలబడితే కనిపిస్తాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఎప్పుడైనా పిల్లల్ని తీసుకుని వెళ్లండి, వాళ్లు అక్కడ నిలబడి ఏ మాట అతికిద్దామా అని గుసగుసలాడుకుంటే ఆపకండి.